కిక్కిస పుల్లకు రెండో చివర

నేను ఏలూరులో ప్లీడరీ మొదలుపెట్టిన కొత్తలో నా దగ్గరికి కక్షిదారులు పెద్దగా రాలేదు. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. మద్రాసులో సంపాదించిన బి.ఎల్. పట్టా గోడకు వేలాడుతూ ఉండేది, నేను దాని కింద కూర్చునేవాణ్ణి. అలాంటి రోజుల్లో కొల్లేటి లంకల నుంచి ఒకామె వచ్చింది. ఆమె మొగుడు తాడేపల్లిగూడెం రైసు మిల్లులో పనికి వెళ్లి, అక్కడే ఇంకొకామెతో కాపరం పెట్టాడు. ఈమెను ఏలుకోడు, వదలడు. ఈమెకేమో మారుమనువు చేసుకోవాలని ఉంది. చేసుకోబోయే మనిషి బయట అరుగు మీద కూర్చున్నాడు. పడవ నడిపేవాడు. నోట్లో నాలుక ఉన్నట్టు ఆధారాలేవీ కనబడలేదు.

"మంచోడేనండీ," అందామె. "మాటే పెగలదండి."

మా సీనియరు గారిని అడిగాను. ఆయన పొడుం పీల్చి, "ధర్మశాస్త్రంలో విడాకులు లేవోయ్. వాళ్ల కులాచారంలో ఉందని రుజువైతే కోర్టు కాదనదు. ముందు పెద్దల దగ్గర తెగతెంపులు కానియ్యి, తరవాత దావా వేద్దాం. లేకపోతే రేపు ఆ మొగుడే వచ్చి, మారుమనువు చెల్లదంటాడు" అన్నారు.

ఆ ఆచారం తేలికైనదే. కొల్లేటి గట్టున పెద్దలు కూర్చుంటారు. నీళ్లలో రెల్లులాగా పెరిగే కిక్కిస పుల్ల ఒకటి తెస్తారు. ఒక చివర మొగుడు, రెండో చివర పెళ్లాం పట్టుకుంటే, కులపెద్ద మధ్యలో కత్తితో తెగ్గొడతాడు. ఎవరి ముక్క వారు నీళ్లలో పారేసి, వెనక్కి చూడకుండా పోవాలి. అంతే. రెండో చివర పట్టుకునేవాడు రావాలి, అదొక్కటే చిక్కు.

గూడెం వెళ్లాను. మొగుడుగారు ఒంటిమీద తవుడు దులుపుకుంటూ వచ్చి, నాకు కుర్చీ వేయించి, సోడా తెప్పించాడు.

"పున్నమికి రావాలయ్యా."

"తప్పకుండానండీ! దానికి తమరింత దూరం రావాలా అండీ? కబురంపితే చాలదా అండీ?"

పున్నమికి పెద్దలు వచ్చారు, పుల్ల వచ్చింది, అతను రాలేదు. మళ్లీ వెళ్లాను. మళ్లీ సోడా. మళ్లీ "అలాగేనండీ". మా వైపు కాదనడం మర్యాద కాదు. రాకపోవడం మాత్రం అమర్యాద కిందికి రాదు.

ఎండలు ముదిరాయి. పడవ మనిషికి వాళ్లమ్మ వేరే సంబంధం చూస్తోందని, తొలకరిలోగా తేలకపోతే ఆగేది లేదందని ఆమె వచ్చి చెప్పింది.

"నోటీసు ఇస్తానమ్మా," అన్నాను.

"అదీ పుచ్చుకుని అలాగేనండీ అంటాడు బాబూ. నేనే వెళ్తాను."

"వెళ్లి ఏం చేస్తావు?"

"కాపరం."

బట్టల మూటతో ఆమె, ఎండుచేపల గంప, నేను, ముగ్గురం పాసింజరు ఎక్కాం. దెందులూరు దాటేసరికి మా పెట్టెలో మాకు కావలసినంత చోటు దొరికింది.

గూడెంలో తలుపు తీసింది ఆ రెండో ఆమె.

"కాపరానికొచ్చాను చెల్లీ. ఓ మూల చూపించు, గంప దించుకుంటాను."

"అయ్యో, రండక్కా, కూర్చోండి," అని ఆవిడ పీట వేసి, చెంబుతో నీళ్లిచ్చింది. తరవాత లోపలికి తిరిగి, "ఏవండీ, మీరొకసారి ఇలా రండి" అంటూ వెళ్లి తలుపు మూసింది. ఆ తరవాత వినబడిన మాటల్లో అండీలు లేవు. నేను అరుగు మీద కూర్చుని, నాకెన్నడూ చేతకాని వాదన శ్రద్ధగా విన్నాను.

కాసేపటికి అతను బయటికి వచ్చాడు. "రేపు పొద్దున్న బండికే వచ్చేస్తానండీ."

వచ్చాడు. దారి తప్పకుండా ఆవిడ కూడా వెంట వచ్చింది. పుల్ల తెగిన చప్పుడు ఏమంత పెద్దది కాదు. ఆమె తన ముక్కను నీళ్లలోకి విసిరి, వెనక్కి చూడకుండా నడిచి వచ్చింది. దావా కోసం పెద్దలచేత వాంగ్మూలం మీద వేలిముద్రలు వేయించుకుని, నేనూ పడవెక్కాను.

కొంతదూరం పోయాక, గెడ వేస్తున్న పడవ మనిషి వైపు ఆమె తిరిగింది.

"ఏమయ్యా, తెగిపోయింది. మరి నన్ను చేసుకుంటావా?"

"అలాగేనండీ," అన్నాడతను.

ఆమె ముఖం చూసి నాకు భయం వేసింది. నాకు ఈత రాదు.

"ఆ మాట ఒక్కటీ అనకు! ఇంకేదైనా అను."

అతను గెడ బురదలో గుచ్చి పడవ ఆపేశాడు. ఆలోచించాడు. మా పక్కనించి ఒక బాతుల గుంపు తీరిగ్గా ఈదుకుంటూ పోయింది.

"కొత్త పాకకి కిక్కిస కోసి ఆరబెట్టాను," అన్నాడు చివరికి. "తొలకరిలోగా కప్పేయాలి. గుమ్మం ఎటు పెట్టమంటావు?"

"నీళ్ల వైపు," అందామె.

అతను గెడ పైకి లాగాడు.