ఎదురొచ్చిన ఇల్లు

ఓడత్త కాపురానికొచ్చింది ఓడలోకే. బొగ్గో గోధుమలో నింపుకుని ఏటి మీద తిరిగే పొడుగాటి ఓడ అది. వెనకవైపు రెండు గదులు, ఒక వంటిల్లు. వాటి పైన చుక్కాని గది, అందులో ఆమె మొగుడు సరంగు. పిల్లలిద్దరూ నడుముకు తాడు కట్టించుకుని డెక్కు మీదే నడక నేర్చారు. ఇప్పుడు ఎవరి కాపురాలు వాళ్ళవి. మోకులు లాగే పనివాళ్ళ నోట ఆమెకు ఓడత్త అన్న పేరే మిగిలింది.

కదలని ఇల్లు కావాలని ఆమె పోరని ఏడు లేదు. తీరా ఇప్పుడు కంపెనీవాళ్ళు సరంగును ఏటి మీద ఓడలు దాటించే లాకు తలుపుల దగ్గర కాపలా పనిలోకి రమ్మన్నారు. పక్కనే ఇల్లు, పెరడు.

"వెళ్ళి చూసిరా. నీ ఇష్టమే నా ఇష్టం. మధ్యాహ్నంలోపు ఫోన్ చేసి చెప్పాలి," అన్నాడు సరంగు, ఆమె మొహం చూడకుండా.

ఆ ఉదయం మంచు దట్టంగా పట్టింది. ఇల్లు ఆమెకు నచ్చింది. కిటికీ తీస్తే నీళ్ళు. పెరట్లో ఎవరో వదిలేసిన పందిరి మీద ఎండిన తీగ. ఇక్కడ బట్టలు ఆరేస్తే గాలికి ఏట్లో పడవు కదా అనుకుంది. సంచీ పట్టుకుని రేవుకు తిరిగొచ్చేసరికి గట్టు ఎక్కడ అయిపోయి నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియలేదు. కాళ్ళే దారి చూసుకుని ఓడకు వేసిన బల్ల ఎక్కి, మెట్లు దిగి, వంటింట్లోకి చేరాయి.

పొయ్యి నిండా మసి. "కాస్త కనుమరుగైతే ఇంత నిర్వాకమా!" అని మొగుణ్ణి తిట్టుకుంటూ తోమింది. గిన్నెలూ తోమింది. ఇంజను మోగింది. కిటికీ బయట తెల్లదనం మెల్లగా వెనక్కి జరుగుతోంది. చేతులు ఇక్కడ, మనసు ఆ పెరట్లో. టీ కాచి చక్కెర డబ్బా తెరిస్తే ఉప్పు.

అప్పుడు తలెత్తింది. అవే అలమరలు, అదే కొక్కెం. కొక్కేనికి ఎప్పుడూ చూడని కోటు.

ఆ కంపెనీ ఓడలన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఆమె పరుగున పైకెక్కితే, చుక్కాని దగ్గర నెరిసిన మీసాల సరంగొకడు ఉలిక్కిపడ్డాడు.

"ఎవరమ్మా నువ్వు?"

"ఓడ తప్పాను అన్నయ్యా. మాదీ అచ్చం ఇలాంటిదే. మీ గిన్నెలు తోమేశాను."

ఆయన ఆమె తడి చేతులకేసి చూశాడు. "అయితే అప్పుడే దిగకు చెల్లెమ్మా. పెనం ఇంకా మిగిలుంది."

ఆమె ఎక్కిన ఓడ దిగువన ఏరు వెడల్పైన చోట తిరిగి, మళ్ళీ ఎగువకు వస్తోంది. మంచు చీలింది. అందులోంచి ఎదురుగా ఇంకో ఓడ వచ్చింది, చప్పుడు లేకుండా, నీళ్ళను నిద్ర లేపడం ఇష్టం లేనట్టు. దండెం మీద తను ఆరేసిన పూల దుప్పటి.

తన ఇల్లు నడుస్తుంటే ఆమె బయటి నుంచి ఎప్పుడూ చూడలేదు. ఎంత పొడుగు! ఎంత నింపాది! చుక్కాని గదిలో ఆయన చిన్నగా కనిపించాడు. కళ్ళు నీళ్ళ మీద, మాటలు మెట్ల మీదుగా వంటింట్లోకి. ఎప్పుడూ అంతే. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

ఆమె వేలు చూపించగానే మీసాల సరంగు రేడియో అందుకున్నాడు. "బావా, మీ ఆవిడ నా దగ్గరుంది."

"పొద్దున్నే పరాచికాలా? సంచీతో వస్తుంటే నా కళ్ళతో చూశాను. కింద వంటింట్లో ఉంది. ఇందాకణ్ణించి మాట్లాడుతున్నా."

"మరి పలికిందా?"

"అలిగితే పలకదులే."

ఆమె రేడియో లాక్కుంది. "ఏం చెప్తున్నావయ్యా నాకు?"

రేడియో గరగరమంది. ఎదుటి గదిలో ఆయన మెట్లవైపు చూశాడు, ఇటు చూశాడు.

"ఏం లేదు," అన్నాడు చివరికి. "నీకు పెరడు కావాలి, సరే. కానీ నాకు దిగాలని లేదే. అదే... నీ మొహం చూసి చెప్పలేక."

ఓడ పక్కనుంచి సాగిపోతోంది. లాకు ఇంటి కిటికీలోంచీ ఇలాగే కనిపిస్తుంది. లాకు దగ్గర కాసేపు ఆగి, తలుపులు తీయగానే వెళ్ళిపోతుంది. దండెం మీద ఎవరివో బట్టలుంటాయి. చుక్కాని దగ్గర ఇంకొకడి పెదవులు కదులుతుంటాయి. తీగ పాకించుకుంటూ తను అది చూస్తూ నిలబడాలి.

"కంపెనీకి ఫోన్ చేసి ఆ పని వద్దని చెప్పు," అంది. "ముందు ఓడ ఆపు. నేనెక్కాలి."