పన్నెండు టెన్సుల మాస్టారు

నిక్షేపంగా మాట్లాడుతున్న ఒక మనిషి నోట మాట లేకుండా చేయడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది. మందు పెట్టలేదు, మంత్రం వేయలేదు. ఒక తెల్లబోర్డు, రెండు రంగుల మార్కర్లు, వాటి వెనక నేను. అంతే సరంజామా.

ఢిల్లీలో మా తెలుగు చర్చి వార్షిక సంచికలో పోయిన ఏడాది ఎవరో ఇలా రాశారు: "కరుణ సిస్టర్ వార్డు ఇన్‌ఛార్జి కావడానికి కారకులు మన ఇంగ్లిష్ మాస్టారే." ఆ మాస్టారిని నేనే. అది చదివి మా ఆవిడ మురిసిపోయింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. అందుకే ఈ ఏటి సంచికలో జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను. చదివి నవ్వుకోండి. అప్పట్లో నేను నవ్వలేదు కాబట్టి నా వాటా కూడా మీరే నవ్వండి.

ఇది పద్దెనిమిదేళ్ల కిందటి మాట. అప్పటికి నోయిడాకి మెట్రో రాలేదు. పొద్దున్నే ఆఫీసు క్యాబ్ ఎక్కి అక్కడి సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లేవాణ్ణి. ఉండేది మునిర్కాలో, ఎదురింట్లో పోపు వేస్తే మనం తుమ్మేంత ఇరుకు సందులో, మూడో అంతస్తు గదిలో. రెండో అంతస్తులో కరుణక్క. ఊరు నరసాపురం దగ్గర. పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త, ఇద్దరు పిల్లలు. ఆ పిల్లలు హిందీలో పోట్లాడుకుని తెలుగులో ఏడ్చేవారు.

నాది తెలుగు మీడియం. మా ఊరి ట్యూషన్ మాస్టారు పన్నెండు టెన్సుల ఫార్ములాలూ ఎక్కాల్లాగా బట్టీ పట్టించారు. నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెప్పేవాణ్ణి. ఒక్క ఇంగ్లిష్ వాక్యం మాట్లాడమంటే మాత్రం మెలకువలో కూడా నిద్ర నటించేవాణ్ణి. ఆఫీసులో ప్రతి గురువారం విదేశీ క్లయింటుతో ఫోను ఉండేది. అందులో నేను చేసిన పని గురించి కూడా నా పక్క సీటు శ్రీవాస్తవే చెప్పేవాడు. అందుకు బదులుగా వాడి పనిలో సగం నేను చేసేవాణ్ణి.

ఒక శనివారం మెట్ల మీద కరుణక్క ఆపింది.

"తమ్ముడూ, రేపు మా చర్చికి రా. ఆరాధన అయ్యాక ప్రేమ విందు ఉంటుంది."

"విందులో ఏముంటుందక్కా?"

"కోడికూర. కొబ్బరి వేసి, మన పక్క చేసినట్టే."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను చర్చి మనిషిని కాను, ప్రేమ విందు మనిషిని. ఆ ఆదివారం రెండోసారి కూర వడ్డించుకుంటుంటే పాస్టరుగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

"బాబూ, మన నర్సులకి ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉందండి. మీకు గ్రామర్ వచ్చా?"

నోటి నిండా కోడి. కంచంలో ఇంకా కోడి. అలాంటి సమయంలో మనిషి కాదనగలడా?

"పన్నెండు టెన్సులూ కంఠతా వచ్చండీ" అన్నాను.

అది అబద్ధం కాదు. అబద్ధమైతే ఇంత అనర్థం జరిగేది కాదు.

మరుసటి ఆదివారం నుంచి నేను మాస్టారినైపోయాను. ముందు వరసలో కరుణక్క. ఆవిడకి తొందరుంది. పన్నెండేళ్లుగా పని చేస్తున్న వార్డుకే ఇన్‌ఛార్జి పోస్టు పడింది, నెలలోపు ఇంటర్వ్యూ. అంతా ఇంగ్లిష్‌లోనే. నిజానికి ఆవిడకి ఇంగ్లిష్ వచ్చు. ఆ ఇంగ్లిష్ ఢిల్లీ ప్రైవేటు బస్సులాంటిది. తలుపు సరిగా పడదు, అద్దాలు గలగలమంటాయి, మధ్యలో ఎక్కడ ఆగుతుందో తెలియదు, అయినా మనిషిని చేరాల్సిన చోట దించుతుంది. నేను ఆ బస్సుకి అడ్డంగా నిలబడ్డాను.

"యెస్టర్‌డే వన్ పేషెంట్ ఫాల్ డౌన్, ఐ రన్, ఐ క్యాచ్..." అని మొదలుపెట్టింది.

"ఆగండి సిస్టర్! ఏ ఫార్ములా?"

"పడిపోతున్నాడండీ మాస్టారూ, పట్టుకోనివ్వండి."

"పడనివ్వండి. ముందు ఫార్ములా."

పాపం ఆ పేషెంటు మొదటి ఆదివారం పడడం మొదలుపెట్టి మూడో ఆదివారం దాకా గాలిలోనే ఉన్నాడు. నేను పెట్టిన నియమం ఒకటే: ముందు మనసులో ఫార్ములా, ఆ తర్వాత నోట్లో వాక్యం. బోర్డు మీది పన్నెండు టెన్సుల గడుల్లో నిన్న జరిగింది ఏ గడిలోకి వస్తుంది, ఇప్పుడు జరుగుతున్నది ఏ గడిలోకి వస్తుంది, వేళ్ల మీద లెక్క తేలేదాకా పెదవి విప్పకూడదు. మూడో వారానికి కరుణక్క ఏమడిగినా పైకప్పు చూస్తూ వేళ్లు కదిలించేది.

"చూశారా! సిస్టర్ ఎంత ఆలోచించి మాట్లాడుతున్నారో!" అని క్లాసుకి చూపించాను.

ఆవిడ అసలు మాట్లాడడమే లేదన్న సంగతి నాకు తట్టలేదు.

ఇంటర్వ్యూ రోజు సాయంత్రం ఆవిడ మెట్లెక్కి నా గదికి వచ్చింది. తెల్ల యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"ఏమైందక్కా?"

"మేట్రన్ మేడమ్ సులువైన ప్రశ్నే అడిగింది తమ్ముడూ. నిన్న డ్యూటీలో ఏం జరిగింది, ఇప్పుడు వార్డు ఎలా ఉంది, అంతే. నేను పైకి చూశాను."

"చూసి?"

"వేళ్లు లెక్కపెట్టాను. ఆవిడ, ప్రార్థన చేసుకుంటున్నావా సిస్టర్, చేసుకో, అంది. చాలాసేపు ఆగింది పాపం. ఇంక ఏదో ఒకటి చెప్పాలి కదా అని చెప్పాను."

"ఏమని?"

"సబ్జెక్ట్ ప్లస్ వీ టూ ప్లస్ ఆబ్జెక్ట్ అని."

"పైకా!"

"పైకే. మేట్రన్ లేచొచ్చి నా నాడి చూసింది. డబుల్ డ్యూటీ చేశావా, అంది. పన్నెండేళ్ల నుంచి నన్ను ఎరిగున్న మనిషి కాబట్టి, పదిహేను రోజులు ఆగి మళ్లీ రా, అంది. ఇంకొకరైతే పంపేసేవారు."

ఆ క్షణంలో నేను నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. గొంతు సవరించుకుని, "ప్రాక్టీసు చాలలేదక్కా" అన్నాను. ఈ కథలో మీరు ఎక్కడ నవ్వినా ఫరవాలేదు, ఈ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నన్ను తిట్టండి.

మీరు తిట్టేలోపే గురువారం వచ్చింది. శ్రీవాస్తవ బావమరిది పెళ్లని సెలవు పెట్టాడు. మేనేజరు మెహతా స్పీకర్ ఫోను నా ముందుకి తోశాడు.

"ఆజ్ తూ బోల్ యార్. లాస్ట్ వీక్ క్యా కియా, అభీ క్యా కర్ రహా హై, బస్."

పోయిన వారం చేసిందీ, ఇప్పుడు చేస్తున్నదీ ఇవాళ నేనే చెప్పాలట. నేను పైకప్పు చూశాను. వేళ్లు వాటంతటవే కదిలాయి. పన్నెండు ఫార్ములాలూ చౌరస్తాలో ఆటోల్లా ఒకదానికొకటి అడ్డం పడ్డాయి.

"హలో? ఆర్ యూ దేర్?" అంది ఫోను.

ఉన్నానన్నట్టు తల ఊపాను.

"అరే భాయ్, ఉన్హే దిఖ్తా నహీ హై!" ఫోనులో తల ఊపితే వాళ్లకెలా కనబడుతుందని మెహతా తల పట్టుకున్నాడు. ఫోను తనే అందుకుని ఏదో సర్దిచెప్పి, పెట్టేశాక నాతో మెల్లగా అన్నాడు. "నెక్స్ట్ థర్స్‌డే నువ్వే మాట్లాడాలి. లేకపోతే నీ ప్రొబేషన్ తీరదు, ఉద్యోగం ఖాయం కాదు, ఠీక్ హై?"

ఆ సాయంత్రం తిన్నగా రెండో అంతస్తుకి వెళ్లాను. కరుణక్క నేల మీద కూర్చుని గోంగూర తుంచుతోంది.

"అక్కా, నాకు ఇంగ్లిష్ రాదు."

"ఏంటీ?"

"రాదక్కా."

"ఎంత రాదు?"

"అస్సలు. ఈ జన్మలో వరసగా పది వాక్యాలు మాట్లాడలేదు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది చూడండీ, లోపలి గదిలోంచి వాళ్లాయన ఏమైందోనని పరిగెత్తుకొచ్చాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మరి నా పోస్టో?" అంది.

నేను ఆవిడ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

"మొన్న వార్డులో ఒక పెద్దాయన మంచినీళ్లు అడిగితే, ఇస్తున్నానని చెప్పడానికి కూడా వేళ్లు లెక్కపెట్టాను తమ్ముడూ. ఆయనే లేచి తెచ్చుకున్నాడు."

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. గోంగూర కట్ట నా వైపు తోసి, "తుంచు. నీకేమైందో చెప్పు" అంది. మెహతా అడిగింది చెప్పాను. పోయిన వారం ఏం చేశావు, ఇప్పుడేం చేస్తున్నావు.

"ఓస్, ఇంతేనా! అది హ్యాండోవర్ కదా!"

"అంటే?"

"డ్యూటీ మారేటప్పుడు వెళ్లే నర్సు, వచ్చే నర్సు మంచం మంచం దగ్గరా నిలబడతారు. నా డ్యూటీలో ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నాడు. ఈ రెండే. అక్కడ పైకప్పు చూస్తూ కూర్చుంటే వచ్చిన పిల్ల ఊరుకోదు. నువ్వు వచ్చే నర్సువి అనుకో. ఇదిగో, బెడ్ నంబర్ వన్." వంటింటి కొళాయి వైపు చెయ్యి చూపించింది. "మార్నింగ్ సిక్స్ ఓ క్లాక్ వాటర్ కేమ్. ఐ ఫిల్డ్ టూ బకెట్స్. సెవెన్ ఓ క్లాక్ వాటర్ స్టాప్డ్. నౌ పేషెంట్ ఈజ్ డ్రై."

నా చేతిలో గోంగూర కాడ అలాగే ఉండిపోయింది. ఆవిడ చూపు కొళాయి మీద ఉంది. పైకప్పు మీద లేదు.

"తమ్ముడూ, వచ్చేసింది!"

"వచ్చిందక్కా!"

"నీళ్లా?" అని వాళ్లాయన బకెట్టు పట్టుకుని పరిగెత్తాడు.

ఆ వారం రోజులూ సాయంత్రమైతే ఆ ఇల్లు వార్డు. బెడ్ నంబర్ టూ వాళ్లాయన. "హీ ఏట్ ఫోర్ చపాతీస్. నౌ హీ సేస్ హీ ఈజ్ హంగ్రీ" అని అక్క అప్పజెప్పేది. బెడ్ నంబర్ త్రీ నా ప్రోగ్రాము.

"మండే ఇట్ క్రాష్డ్. ఐ ఫౌండ్ ద మిస్టేక్. నౌ ఇట్ రన్స్, బట్ స్లోలీ."

"పల్స్ ఉందా?"

"ఉందక్కా."

"అయితే నెక్స్ట్ బెడ్. ఊఁ, నడు."

గురువారం ఫోను ముందు కూర్చుని, నోరు తెరవగానే నా నుంచి వచ్చిన మొదటి మాట "బెడ్ నంబర్ వన్". మెహతా కళ్లు మూసుకున్నాడు. "సారీ?" అంది ఫోను. ఇక వెనక్కి పోయే దారి లేదు. ప్రోగ్రాము సోమవారం ఎలా పడిపోయిందో, నేనేం చేశానో, ఇప్పుడు ఎలా ఉందో గబగబా చెప్పేశాను.  అటు నుంచి క్లయింటు పెద్దమనిషి పకపకా నవ్వి, "సో, ద పేషెంట్ ఈజ్ స్టేబుల్?" అన్నాడు. ఆ నెలలోనే నా ఉద్యోగం ఖాయమైంది.

కరుణక్క రెండో ఇంటర్వ్యూ ఇంకా దర్జాగా జరిగింది. మేట్రన్ అదే ప్రశ్న వేస్తే, "మేడమ్, యూ ఆర్ కమింగ్ సిస్టర్. ఐ యామ్ గోయింగ్ సిస్టర్" అని ఆవిడని లేపి నిలబెట్టి, ఇరవై మంచాలూ వరసగా అప్పజెప్పిందట. మేట్రన్ అలవాటు కొద్దీ కాగితం తీసుకుని రాసుకుందట కూడా. పోస్టు వచ్చింది.

ఆ ఆదివారం చర్చిలో తనకి జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి అక్క లేచింది. నా గుండె బెడ్ నంబర్ ఫోర్ అయింది.

"దేవునికి స్తోత్రం. నాకు ఇంగ్లిష్ భయం పోగొట్టింది మన మాస్టారు" అంది.

చప్పట్లు. పాస్టరుగారు నన్ను వేదిక మీదకి పిలిచి శాలువా కప్పారు. కాదండీ, అంతా తారుమారు, అని నేను అనవచ్చు. నోరు ఉంది, మైకు ఉంది. "థాంక్యూ" అన్నాను. కిందకి దిగి రెండుసార్లు కోడికూర వేయించుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు మెట్ల మీద అడిగాను. "ఎందుకలా చెప్పావక్కా?"

"మరేం చెప్పమంటావు? మా మాస్టారికి ఇంగ్లిష్ రాదని మైకులో చెప్పనా? వచ్చే ఆదివారం ఏ మొహం పెట్టుకుని కూర వడ్డించుకుంటావు?"

పద్దెనిమిదేళ్లుగా ఆ శాలువా మా బీరువాలో ఉంది. తీసినప్పుడల్లా మెడ మీద దురద పెడుతుంది. కాబట్టి అందరికీ తెలియాలి. క్లాసులో బోర్డు ముందు నిలబడింది నేను, నేర్పింది ఆవిడ. నా ఉద్యోగం ఆ గోంగూర దగ్గర నిలబడింది. ఆ తర్వాత నేను ఏ మీటింగులో నోరు తెరిచినా అది కరుణక్క వంటింటి కొళాయి చలవే.

ఇప్పుడు ఆవిడే మేట్రన్. అచ్చుకి పంపే ముందు ఇదంతా వినిపించి అనుమతి తీసుకుందామని మొన్న ఫోను చేశాను. గొంతు సవరించుకుని మొదటి వాక్యం ఎత్తుకున్నాను. "నిక్షేపంగా మాట్లాడుతున్న ఒక మనిషి..."

"ఆగండి మాస్టారూ!" అంది. "ఏ ఫార్ములా?"

పైకప్పు చూశాను. నా వేళ్లు కదిలాయి.

కాబట్టి పాఠకులారా, బెడ్ నంబర్ వన్ కొళాయి సాక్షిగా, బీరువాలోని శాలువా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మాట్లాడుతున్న మనిషిని ఇకపై మధ్యలో ఆపను. ఎవరైనా పడిపోతున్నారని చెబితే ముందు పట్టుకోనిస్తాను. కోడికూర నోట్లో ఉండగా ఏ పనీ ఒప్పుకోను. ఆ శాలువా, ఈ సంచిక మీ చేతికొచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందూ, ఆవిడకి కప్పుతాను. ప్రేమ విందుకి ముందే.