జవాబు రాయనివాళ్ళ జీతం

సోఫాలు బాగుచేసే అక్క ఎవరి మాటా నమ్మదు. "లోపల కొత్త స్పాంజే అక్కా, నిరుడే వేయించాం" అని ఎవరైనా అంటే ఊఁ కొడుతుంది. సోఫాని బోర్లా తిప్పి, అడుగు గుడ్డ కోసి, లోపల చెయ్యి పెట్టి చూశాకే ధర చెబుతుంది. వీధిలో ఆమె పేరు అనుమానాలక్క.

అమ్మ పోయాక తమ్ముణ్ణి ఈ పనితోనే చదివించింది. వాడికిప్పుడు పబ్లిక్ పాలసీలో పీజీ సీటొచ్చింది. ఫీజుకి బ్యాంకు అప్పిస్తానంది గానీ, దుకాణం హామీ పెట్టి అక్క సంతకం చెయ్యాలంది.

"చదువయ్యాక సగటు జీతం చూడు! ఇట్టే తీరిపోతుంది అప్పు" అన్నాడు తమ్ముడు, కాలేజీ పుస్తకం ఆమె ముందు పెట్టి.

"ప్రభుత్వానికి సలహాలు చెప్పే చదువేగా? అడగందే చెప్పే సలహాకి జీతమెవడిస్తాడ్రా?"

"నీతో నావల్ల కాదక్కా."

ఆదివారం వాడు అక్కడే చదివిన సీనియర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. స్ప్రింగు పొడుచుకొచ్చిన కుర్చీలో జాగ్రత్తగా కూర్చుని చదువు గొప్పతనం చెప్పుకొచ్చాడు. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంతా వింది.

"ఒక్కణ్ణి చేర్పిస్తే కాలేజీ నీకెంతిస్తుంది బాబూ?"

తమ్ముడి మొహం మాడిపోయింది. సీనియర్ మాత్రం పగలబడి నవ్వాడు. "ఇస్తే బాగుండేదక్కా, ఈ నెల వాయిదా కట్టేసేవాణ్ణి."

నవ్వాక అతనికి దాచబుద్ధి కాలేదు కాబోలు. "కాంట్రాక్టు ఉద్యోగం. సగం జీతం అప్పుకే పోతుంది. పని మాత్రం ఇష్టం. మేం రాసిచ్చాకే పేటల్లో మంచినీళ్ళ వేళలు మార్చారు."

"మరి ఈ సగటు?"

"జీతమెంతో రాసి పంపమని కాలేజీవాళ్ళు అడుగుతారు. పంపినవాళ్ళదే లెక్క. నేను పంపలేదు."

"ఏం?"

"సిగ్గేసింది."

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "నీకూ ఇలాగే అయితే నాతో చెబుతావా?"

"చెబుతా" అన్నాడు వాడు, మాట పూర్తికాకముందే.

"ఆ మధ్య పరీక్ష తప్పితే చెప్పావా?"

"అది... నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే వెళ్ళి కనుక్కున్నా." బ్యాంకు కాగితాలు వాడి వైపు నెట్టేసింది. "బ్యాంకువాళ్ళు వచ్చి తాళం వేసేదాకా నాకు తెలియదన్నమాట. దుకాణం హామీ పెట్టను."

కొన్నాళ్ళు వాడు ముభావంగా తిరిగాడు. తర్వాతొక పొద్దున, సీనియర్ ఆఫీసులో సర్వే పనికి కుదిరానని, తక్కువ ఫీజుతో సాయంత్రం క్లాసులున్న చోట అదే చదువు చదువుకుంటానని చెప్పాడు.

"మంచిది" అంది అక్క. వాడటు వెళ్ళగానే దుకాణం మూసి, ఆ ఆఫీసుకి బయల్దేరింది.

వాడు నిజంగానే అక్కడున్నాడు. ఆమెని చూసి తలపట్టుకున్నాడు.

"జీతమెంతో మీ పెద్దాయన్ని అడగనా?"

"వద్దు తల్లీ! నేనే చెబుతా." అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. ఆమె అనుకున్నదానికన్నా బాగా తక్కువ.

"ఇది నిజంలాగే ఉంది" అంది అక్క.