బుట్టలో తిరిగి వేసిన కార్డు

మొన్న అమీర్‌పేట మెట్రోలో రైలు మారే తొక్కిసలాటలో నా హ్యాండ్‌బ్యాగు జిప్పు తెగి, లోపలి సామానంతా మెట్ల మీద పడింది. వెనకనున్న అమ్మాయి పాపం దువ్వెన, మాత్రలు ఏరిచ్చి, చివరికి అంచులు నలిగిన అట్టముక్క ఒకటి పట్టుకుని, "ఆంటీ, ఇది మీదేనా?" అంది. జవాబు చెప్పడానికి ఒక్క క్షణం తడబడ్డాను. ఈ అట్టముక్క విషయంలో ఒకప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

డిగ్రీ అయ్యాక కంప్యూటర్ కోర్సు కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. మాది పుట్టు క్రైస్తవ కుటుంబమే, రోజూ ప్రార్థన ఉండేది. ప్రార్థన అయ్యాక మా నాయనమ్మ అక్కనీ నన్నూ చూపించి, "తెలివంతా పెద్దదానికొచ్చింది, ఆకలంతా చిన్నదానికొచ్చింది" అని వచ్చిన చుట్టాలందరికీ చెప్పేది. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, అదీ నా తెలివి! ఆ మాట ఎంతగా ఒంటబట్టిందంటే, ఇంటర్వ్యూలో ప్రశ్న పూర్తికాకముందే "నాకు రాదండి" అనేసేదాన్ని, వచ్చినవాటికి కూడా.

హాస్టల్ నడిపే ఆంటీ మొండిఘటం. ఆదివారం పొద్దున తలుపు బాది మరీ పంజగుట్ట చర్చికి లాక్కెళ్లేది. జనవరి మొదటి ఆదివారం అక్కడ వాగ్దానం కార్డుల బుట్ట తిప్పుతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి, అందులోని వాక్యం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. నా కార్డులో, నేను దేవుడి కంటికి విలువైనదాన్నని ఉంది. ఎవరిదో నా చేతికొచ్చిందనుకుని గుట్టుగా బుట్టలో వేసేసి ఇంకోటి తీశాను. అక్షరం పొల్లుపోకుండా అదే! పక్కనున్న ఆంటీ చూడనే చూసింది.

"ఏందే, దేవునికి నీ అడ్రస్ తెల్వదనుకున్నవా? రెండుసార్లు చెప్పిండు గదా!"

"ప్రెస్సువాడు కార్డులు సరిగా కలపలేదాంటీ, అంతే."

"గసొంటి బద్దకపోనితోని సుత పని చేయిస్తడు ఆయన. జర దాసిపెట్టుకో."

అక్కడితో వదిలితే ఆంటీ ఎందుకవుతుంది? మర్నాటి నుంచి టిఫిన్ దగ్గర గరిటె పైకెత్తి పట్టుకుని, ఆ వాక్యం గట్టిగా చెబితేనే ఉప్మా వేసేది. వెనక లైన్లో అమ్మాయిలు ఆఫీసుకు ఆలస్యమవుతోందని సణిగేవారు. సిగ్గుతో, ఆకలితో, పళ్లు నూరుతూ అప్పజెప్పేదాన్ని. నమ్మి కాదు, ఉప్మా కోసం. ఎండాకాలం దాకా ఇదే భాగోతం.

ఆ ఎండల్లోనే ఖైరతాబాద్‌లో ఒక ఇంటర్వ్యూ. మొదటి ప్రశ్నకే "నాకు రాదండి" నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో ఆంటీ గరిటె కళ్ల ముందు ఆడింది. "ఒక్క నిమిషం ఇవ్వండి, ఆలోచిస్తాను" అన్నాను. ఆలోచించి, సగం చెప్పాను. ఉద్యోగం రాలేదు. కానీ పంజగుట్ట దాకా నడిచి వస్తుంటే, రానిది ఉద్యోగమే కదా, నేను పనికిరానిదాన్నని ఎవరన్నారు అనిపించింది. ఎవరన్నారో వెంటనే గుర్తొచ్చింది. అన్నాళ్లూ నాయనమ్మ మాటనే దేవుడి మాటగా వింటున్నానని అప్పుడు తెలిసి, ఫుట్‌పాత్ మీద నిలబడి ఏడ్చాను. తర్వాత ఆ వాక్యం మెల్లగా చెప్పుకున్నాను, ఎవరూ అడక్కుండానే.

ఆ అమ్మాయి ఇంకా కార్డు పట్టుకునే ఉంది, జనం తోస్తున్నారు. "నాదేనమ్మా" అని అందుకున్నాను. నాయనమ్మ మాట నమ్మడానికి నాకు ఒక్క పూట చాలింది. ఈ ఒక్క క్షణం తడబాటు పోవడానికి మాత్రం ఇంకా ఎన్నేళ్లు పడుతుందో!