కొంగు ముడిలో బిళ్లలు

పదో తరగతి పిల్లలకు అడ్రినల్ గ్రంథుల పాఠం ఏటా నేనే చెబుతాను. అవి మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చుని ఒంటికి కావలసిన హార్మోన్లు తయారుచేస్తాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చూపిస్తాను. గరివిడి దగ్గర మా బళ్లో సైన్సు టీచరుగా నాకు మంచి పేరే ఉంది. ఆ పేరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మా అమ్మ పొందూరులో నూలు వడుకుతుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, రోజంతా రాట్నం ముందు కూర్చుంటే వేళ్లూ మోకాళ్లూ పట్టేసేవి. ఊళ్లో ఆరెంపీ డాక్టరు తెల్ల బిళ్లలిచ్చాడు. రెండు రోజులకే నొప్పి మాయం. ఇక వదుల్తుందా? బిళ్లల షీటు కొంగున ముడేసుకుని రెండేళ్లు మింగింది. మొహం గుండ్రంగా ఉబ్బింది. "మీ యమ్మ ఒల్లు సేసినాది, కూతురు బాగా సూస్తన్నాది" అని తోటి ఆడవాళ్లంటే నేనూ పొంగిపోయాను.

దసరా సెలవులకు వెళ్లినప్పుడు ఆ షీటు మీద పేరు చదివాను. స్టెరాయిడ్. నాకు తిక్క రేగింది. వడికేవాళ్లందరి ముందూ "బుద్ధుందా నీకు? విషం తింటున్నావు" అని అరిచాను. కొంగు ముడి నేనే విప్పి, బిళ్లలన్నీ కాలవలో పారేశాను. అమ్మ తల దించుకుని పత్తి దువ్వుకుంటూ ఉండిపోయింది.

మూడో రోజుకి అమ్మ మంచం దిగలేకపోయింది. ఒకటే వాంతులు.

"ఒక్క బిళ్ల ఇయ్యే అమ్మా, పేనం జారిపోతన్నాది" అంది.

మందుకి అలవాటుపడి నాటకాలాడుతోందనుకున్నాను. అల్లం రసం ఇచ్చి పడుకోమన్నాను. ఐదో రోజు పొద్దున్న పిలిస్తే పలకలేదు.

శ్రీకాకుళంలో ఆసుపత్రికి తీసుకెళ్లి బిళ్లల పేరు చెబితే సూదిమందూ సెలైనూ ఎక్కించారు. బీపీ కాస్త నిలబడ్డాక డాక్టరు నన్ను మంచం దగ్గరికి పిలిచాడు. ఆ బిళ్లా హార్మోనేనట. రోజూ బయటి నుంచి అందుతుంటే లోపలి గ్రంథులు పని మానేస్తాయట. మళ్లీ పని అందుకోవాలంటే మందు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. నా బోర్డు మీది బొమ్మే అది.

"ఒక్కసారిగా ఎవరు ఆపమన్నారు?" అన్నాడు.

"తనే మానేసిందండి" అన్నాను. ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకే తెలీదు.

అమ్మ కళ్లు తెరిచింది. "అవును బాబూ, నానే మానీసినాను. దానికేటీ తెల్దు."

డాక్టరు ఆమెనే కోప్పడ్డాడు. నేను పక్కనే నిలబడి అంతా విన్నాను.

ఇప్పుడు ఏ రోజు ఎంత వేసుకోవాలో చీటీ రాసిచ్చారు. అయినా రోజూ పొద్దున్నే బిళ్ల చేతిలో పెట్టుకుని అమ్మ నాకు ఫోను చేస్తుంది.

"ఈ పొద్దు ఏసుకోనా అమ్మా?" అంటుంది.

వేసుకోమని నేను చెప్పేదాకా మింగదు.