బరువు మీద బిగించాలి

నిన్న మధ్యాహ్నం వినుకొండ నుంచి వస్తుంటే ఎదురుగా పత్తి లారీ, తాళ్ళు తెగుతాయేమో అన్నంత ఉబ్బిపోయి, రోడ్డులో ముప్పాతిక ఆక్రమించుకుని వస్తోంది. మా వారు మామూలుగానే బ్రేకు తొక్కారు. ఆ క్షణంలో నా కాళ్ళ కింద దడ్‌మని ఒక మొద్దు చప్పుడైంది. మా అంబాసిడర్‌ని ఎవరో చెవి పట్టుకు లాగినట్టు ముందు భాగం కుడివైపుకి, అంటే లారీ వైపుకి, జరిగింది. ఆయన స్టీరింగు తిప్పి బయటపడ్డారు. వెనక సీట్లో పిల్లలిద్దరూ సపోటాల కోసం కొట్టుకుంటున్నారు, వాళ్ళకి తెలియను కూడా తెలియదు. నా అరికాళ్ళలో మాత్రం ఆ చప్పుడు ఇంకా ఉంది. ఇప్పుడు వాళ్ళు నిద్రపోయాక కూర్చుని రాస్తున్నా పోవడం లేదు.

ఆ కారు మా నాన్నది, ఆయన పోయాక నాకు వచ్చింది. మా వారికి అదంటే మోజు. తెల్ల రంగు వేయించి, బంపర్లు తళతళలాడించి, ఆదివారాలు మిరప కల్లాల పక్కన నిలబెట్టి ఫొటోలు తీసి ఫోన్లో పెడుతుంటారు. ముందు చక్రాల సస్పెన్షన్‌లో కుదుపు మోసే పాత రబ్బర్లు పగిలాయని కొత్తవి రెండు జతలు తెప్పించి, కిందటి నెలే బైపాసు పక్క షెడ్డులో ఒక జత వేయించారు. నెల తిరక్కుండా ఈ చప్పుడు.

తిన్నగా ఆ షెడ్డుకే పోనిమ్మన్నాను. షెడ్డాయన కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, “కొత్త రబ్బర్లు గదమ్మా, సెట్టవ్వాలి. నాలుగు గోతుల్లో పడితే అయ్యే కూర్చుంటాయి,” అన్నాడు. బిగించేటప్పుడు చక్రాలు నేల మీద ఉన్నాయా, గాల్లో వేలాడుతున్నాయా అని అడిగాను. ప్రశ్న నాది, జవాబు మా వారికి చెప్పాడు. “జాకీ మీదే సార్, ఎవరైనా అంతే. మేడంగార్ని లోపల కూర్చోమనండి, ఎండగా ఉంది.”

నాకు ఒళ్ళు మండింది. నేను చదివిన డిగ్రీకీ ఈ ప్రశ్నకీ సంబంధం లేదు, అది ఆ కారులోనే కూర్చుని నేర్చుకున్నది.

మా చిన్నప్పుడు నాన్న ఆ కారుని కిరాయికి తిప్పేవాడు. మిర్చి యార్డుకి వెళ్ళే రైతులు డిక్కీలో వేసే శాంపిల్ కాయల ఘాటు ఏడాది పొడుగునా పోయేది కాదు, కారెక్కగానే తుమ్మడం మా ఇంట్లో అపశకునం కాదు, అలవాటు. రబ్బర్లు మార్చాల్సి వస్తే నాన్న కారుని పెదనాన్న ట్రాక్టర్ల షెడ్డుకి తీసుకెళ్ళి, అక్కడున్న నడుంలోతు గొయ్యి మీద నిలిపేవాడు. జాకీ మీద ఎత్తి కొత్త రబ్బర్లు ఎక్కించి, నట్లు వదులుగానే ఉంచి, కారుని దించి, అప్పుడు మమ్మల్ని కేకేసేవాడు. అమ్మ, నాయనమ్మ, అన్నయ్య, నేను, చాలకపోతే డిక్కీలో రెండు పత్తిగింజల బస్తాలు. పెళ్ళికి బయల్దేరినట్టు ఎక్కి కదలకుండా కూర్చోవాలి. మా బరువు కింద రబ్బరు రోడ్డు మీద ఎలా నిలబడుతుందో అలా నిలబడ్డాకే నాన్న గోతిలోంచి నట్లు బిగించేవాడు. వేలాడేసి బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలి తిరిగిపోతుంది, ఆ మెలి మీదే రోజూ నలిగి చీలిపోతుంది. “ఎక్కించుకుని ఎక్కడికీ తీసుకెళ్ళని డ్రైవర్ని నిన్నే చూశాన్రా,” అని నాయనమ్మ దెప్పేది. “కదలకమ్మా, గుంటూరు దాటేశాం,” అని కింద నుంచి నాన్న గొంతు వినిపించేది.

ఇదంతా ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు, “నీకు బండెక్కితే భయం, దిగితే అనుమానం. పిల్లల్ని కూడా పిరికివాళ్ళని చేస్తన్నావు,” అన్నారు. పాత బండన్నాక చప్పుడు చెయ్యదా అన్నారు మా వారు. ఆ రబ్బరు విప్పి చూపించేదాకా నా పిల్లలు కారెక్కరని చెప్పేశాను. సణుక్కుంటూనే చక్రం ఊడదీశారు. బయటికి వచ్చిన రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలితిరిగి, సగం దాకా చీలి ఉంది. పిట్టగోడ మీద పెట్టారు. అత్తగారు దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, “మొన్న కోటప్పకొండ దాకా దీని మీదే ఎళ్ళొచ్చామంటరా?” అని కొడుకుని అడిగారు.

అప్పుడైనా నా కోపం తగ్గాలి కదా, తగ్గలేదు. చీలిన ముక్క సాక్ష్యం చెబితేగాని తల్లి మాట చెల్లదా? అది చీలకుండా ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే నేను పిరికిదాన్నే అయ్యేదాన్ని. కనిపించే రేకుకి మెరుగు పెట్టడానికి ఆదివారాలన్నీ ఉంటాయి, మోసే రబ్బరు దగ్గరికి వచ్చేసరికి ఎవరికీ తీరిక ఉండదు. మన చిన్నప్పుడు బళ్ళు ఇంతకంటే పాతవే, రోడ్లు ఇంతకంటే గతుకులే. కానీ ఎక్కేవాళ్ళ బరువు తెలియకుండా ఎవరూ నట్టు బిగించేవాళ్ళు కాదు. పెదనాన్న షెడ్డు ఇప్పుడు గోడౌను, గొయ్యి పూడ్చేశారు.

ఇవాళ పొద్దున మా వారు మిగిలిన జత ఎక్కించారు. గొయ్యి లేదు గనక కారుని నాలుగు చక్రాలూ ఆనేలా మందపాటి చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి, చక్రాలకి ముందూ వెనకా నేనే రాళ్ళు పెట్టాను. అత్తగారు ఎవరూ పిలవకుండానే వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. యూనిఫాంలు వేసుకుని వచ్చిన పిల్లల్ని బ్యాగులతో సహా వెనక ఎక్కించి, నేను మధ్యలో కూర్చుని చెప్పాను. ఇవాళ స్కూలుకి ఆటోలో వెళ్తారు, ఈ కారు ఇప్పుడు ఎక్కడికీ వెళ్ళదు, కింద మీ నాన్నగారు బిగిస్తున్నారు, మన బరువు ఆయనకి కావాలి. ఎప్పుడైనా కాళ్ళ కింద చప్పుడు తేడాగా వినిపిస్తే చెప్పండి, పెద్దవాళ్ళు ఏమీ లేదన్నా, నవ్వినా, బండి ఆపేదాకా చెబుతూనే ఉండండి.

చిన్నాడు కాసేపటికే మెసలడం మొదలుపెట్టాడు.

“కదలకు నాన్నా,” అన్నాను. “ఇంకా చిలకలూరిపేటే దాటలేదు.”