ముక్కలోనే రుజువు

నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. అందరికీ తెలిసేలా రాయమన్నాను, మాటలు మాత్రం మావి మావిగానే ఉంచమన్నాను.

పోయిన ఎండాకాలం ఈ పిల్ల పాలమూరు దగ్గర మా ఊరికొచ్చి, ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేసేది. ఇంకా పక్కా ఉద్యోగం కాదు. అప్పగించిన పని సోమవారానికి కుదిరితేనే ఉంచుకుంటామన్నారు. పలకరిస్తే చాలు, కసురుకునేది.

"ఏం పనే గది, గంత ఫికర్?" అన్నాను.

"అవ్వా, మనం రాసిన ప్రోగ్రాంను మిషన్‌కు తెలిసేటట్టు మార్చేదాన్ని కంపైలర్ అంటరు. అండ్ల టైప్ చెకర్ అని ఒకటుంటది. రెండింటిని పోల్చమని రాస్తే, అవి పోల్చొచ్చా అని చూస్తది. ఎట్ల పోల్చాల్నో గూడ తేల్చి రుజువు ఇస్తది. కంపైలర్ల ఎనక భాగానికి గా రుజువు కావాలె. ప్రోగ్రాంల ఎన్నో నంబరు ముక్కకు ఏ రుజువో నేను పక్కకు వరుసగ రాసిపెట్టిన. ఎనకది ముక్కలను అటిటు జరిపితే అన్ని తారుమారైతున్నయి."

"మల్లోపారి చూసుకొమ్మను!"

"మల్ల చూస్తే ఇంకో జవాబు రావచ్చే. ముందు తేల్చిందే ముందటికి పోవాలె."

అంతలో వాకిట్లో లొల్లి. మా గొర్రెలకూ మా మరిది గొర్రెలకూ ఒకటే దొడ్డి. ఎవరివి ఏవో తెలియడానికి చెవి కోసి గుర్తు పెడతాం. ఆ ఏడాది గొర్రెపిల్లల చెవులు కోయడానికి మా ముసలాయనకు మనసొప్పక, మావాటి వీపులకు ఎర్ర రంగు పూశాడు. ఆ పొద్దున్నే ఉన్ని కత్తిరించారు. రంగు దాంతోపాటే పోయింది.

"గీ గొర్రెపిల్ల నాదిరా!" అన్నాడు మా ముసలాయన.

"నీదని ఎవలు జెప్పిన్రు? గా ఉన్ని కుప్పనడుగన్నా, చెప్తదేమో!" అన్నాడు మరిది.

చివరికి చెవి గుర్తులున్న తల్లుల దగ్గరికి తోలితే పిల్లలే వెతుక్కుని పోయాయి. మనవరాలు మాత్రం నవ్వుకుంటూ లోపలికి ఉరికింది.

"తాత జేసిందే నేనూ జేసిన! రుజువు పైపైన ఉంటే పోతది. ముక్క లోపట్నే పెట్టాలె."

ఇక ఆదివారం దాకా అదే పని. సోమవారం వాళ్ల సారు ఫోన్ చేస్తే నాకూ వినపడేలా పెట్టింది.

"పనైతే జేస్తాంది. గని ప్రోగ్రాం గింత పెద్దగైందేందమ్మా?"

"రుజువులు అండ్లనే ఉన్నయి సార్. ముక్క యాడికి పోతే ఆడికొస్తయి. ఆఖర్ల అక్కర్లేనియి తీసెయ్యొచ్చు."

నేను ఫోన్ దగ్గరికి జరిగాను.

"అయితే గా తీసేసే పని గూడ నువ్వే జెయ్యి. వచ్చే నెల సంది ఆఫీసుకు రా."

ఆయన ఫోన్ పెట్టేశాక కూడా ఈ పిల్ల "సరే సార్, సరే సార్" అంటూనే ఉంది.